సిలిండరుకు కుట్టిన కోటు

మా బావమరిదిని ఊళ్లో అందరూ నిదానం అంటారు. ఎదురుపడితే గౌరవంగా నిదానంగారూ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, దానికి తగ్గ ఉద్యోగం చూపించింది మాత్రం నేనే. ఆస్పత్రి నుంచి శ్మశానానికి వెళ్లే ఆఖరి బండికి డ్రైవరు కావాలని తెలిసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టాను. అప్పటికే వాడు నా వర్క్‌షాపులో పని నేర్చుకుని, నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరిలాగే మంచి మెకానిక్కు అయ్యాడు. కాని వాడు ఒక కార్బురేటరు విప్పాడంటే బండి తాలూకు మనిషి ఇంటికెళ్లి, భోంచేసి, కునుకు తీసి రావాల్సి వచ్చేది. అంత శ్రద్ధ ఉన్న మనిషికి, వెనకాల ఉన్నవాళ్లు తొందరపెట్టని బండే సరిపోతుందని నాకు తోచింది. నా అంచనా తప్పలేదు. మామూలుగా తప్పదు.

మన మెకానిక్కుల సంఘం సంచికలో వాడి గురించి రాయమన్నప్పుడు మొదట నాకు ఆశ్చర్యం వేసింది. నేను లారీ నడిపిన కాలం గురించి, ఎవరూ ముట్టుకోవడానికి జంకిన డీజిల్ పంపును విప్పి బిగించి ఒక్క స్క్రూ కూడా మిగల్చని వైనం గురించి, మన సంఘానికి గది సంపాదించిన సంగతి గురించి పాత సంచికల్లో వివరంగా వచ్చింది. ఇక మిగిలినవాళ్లలో రాయదగ్గవాడు వాడేనని నేనూ ఒప్పుకున్నాను. నేను చదివింది మా పల్లె బడిలో, అన్ని తరగతులూ ఒకే గదిలో, ఒకే మాస్టారి కింద. అయినా ఇంజన్ గురించీ మనుషుల గురించీ తిన్నగా చెప్పడానికి ఆ చదువు చాలింది.

ఆఖరి బండి నడపడం మీరనుకున్నంత తేలిక కాదు. వెనక నడిచి వచ్చేవాళ్ల అడుగుకి చక్రం కలవాలి. గేరు మారినట్టు తెలియకూడదు, బ్రేకు పడినట్టు అసలు తెలియకూడదు, హారన్ ముట్టుకోకూడదు. మా వాడు గుంత కనపడితే దిగి, దాని లోతు చూసి, ఎటువైపు నుంచి పోవాలో ఆలోచించుకుని మళ్లీ ఎక్కేవాడు. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. బండిలో ఉన్నవాళ్లు ఎలాగూ చేయరనుకోండి, వాళ్ల బంధువులు కూడా చేయలేదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని, గ్లాసులో మంచినీళ్లు చివరిదాకా తాగి, "బావా, నా కారుకి నైట్రస్ పెట్టుకుందామనుకుంటున్నా" అన్నాడు.

మా ఆవిడ లోపల గదిలో మిషను కుడుతోంది. ఆవిడ దర్జీ. చప్పుడు ఆగిపోయింది.

"అంటే ఏవిట్రా తమ్ముడూ?"

"గ్యాసక్కా. సిలిండర్లో వస్తుంది. ఇంజన్‌కి పట్టిస్తే బండి బాగా లాగుతుంది."

"పళ్ల డాక్టర్లు పీల్పిస్తారే, అదేనా?"

"అదే జాతి."

"కారుకి ఏం పన్ను పీకాలని?"

వాడు నవ్వలేదు. వాడిది అరిగిపోయిన నాలుగు తలుపుల కారు. భార్యను బజారుకి, అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి తప్ప బయటికి తీసేవాడు కాదు. ఆ కారుకి నైట్రస్ అంటే, మా వీధి చివర ఉండే మొండి గేదెకి గుర్రపు జీను వేసినట్టే. ఆ మాటే అన్నాను.

"అది కాదు బావా," అన్నాడు వాడు. "నా వెనక ఎప్పుడూ తొందర లేనివాళ్లే ఉంటారు. నాకూ తొందర ఉండదు. అలవాటైపోయింది. ఒక్కసారి తొందరగా వెళ్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఈ ఆఖరి బండే నాకు అలవాటై, రేపు నేను వెనక ఎక్కే రోజుకి కూడా తేడా తెలియకుండా పోతుందేమో."

ఇంత పొడుగు మాట వాడి నోట నేను అదే మొదటిసారి వినడం.

ఇక్కడ షెడ్డు గురించి చెప్పాలి. మా పెరట్లో రేకుల షెడ్డు ఒకటుంది. నేను వర్క్‌షాపు మొదలుపెట్టింది అందులోనే. తర్వాత రోడ్డు మీదికి మారి, పేరు తెచ్చుకుని, పని మానేశాక ఆ షెడ్డును బావమరిదికి వదిలేశాను. సెలవు రోజుల్లో వాడు అందులోకి దూరితే చీకటి పడేదాకా రాడు. వాడికి ప్రపంచంలో సొంతమని చెప్పుకోదగ్గ చోటు అదొక్కటే, ఎందుకంటే వాడి ఇల్లు వాడి అత్తగారిది. మరో పక్క, మా ఆవిడకి ముందు గది చాలడం లేదు. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, ట్రయలుకి పరదా, ఆ పరదాలో ఎవరైనా ఉంటే తక్కినవాళ్లు మెట్ల మీద నిలబడాలి. ఆవిడ చాలా కాలంగా షెడ్డు అడుగుతోంది. తమ్ముడు కదా అని గట్టిగా అడగలేదు, అక్క కదా అని వాడు గట్టిగా కాదనలేదు. ఇద్దరూ నా వంక చూసేవారు.

ఆ రోజు మాత్రం ఆవిడ సూది జాకెట్టు అంచుకి గుచ్చి బయటికి వచ్చింది.

"సరే. పెట్టుకో. ఊరి బయట పాత రన్‌వే మీద కార్లవాళ్లు పరుగులు పెడతారట కదా, అక్కడ పరుగెత్తించు. గ్యాసు లేకుండా ఎంతసేపు పట్టిందో, గ్యాసుతో అంతకన్నా తక్కువ పట్టాలి. తర్వాత అదే కారు ఎవరూ తాడు కట్టి లాగకుండా తన చక్రాల మీద ఇంటికి రావాలి. అలా జరిగితే షెడ్డు ఊసు నేను మళ్లీ ఎత్తను. జరక్కపోతే నీ స్పానర్లు సంచిలో వేసుకుని మీ అత్తగారింటికి పట్టుకుపో."

"తీర్పు ఎవరిది?" అన్నాడు వాడు.

"మీ బావగారిది. ఎలాగూ అడక్కపోయినా ఇస్తారు."

అలా వ్యవహారం నా చేతికి వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నైట్రస్ తనంతట తాను మండదు. ఇంజన్ వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. దానికి సరిపడా పెట్రోలు కూడా అదే క్షణంలో పోస్తే మంట బలంగా ఉంటుంది, బండి ముందుకి దూకుతుంది. పెట్రోలు తక్కువైతే పిస్టన్ నెత్తి కరిగిపోతుంది. ఎక్కువైతే నల్లపొగ వచ్చి బండి మూలుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులోంచి తీసుకెళ్లడమే ట్యూనింగు. గ్యాసుకి ఒక చిన్న రంధ్రం ఉన్న జెట్టు, పెట్రోలుకి ఇంకొకటి. ఏ రంధ్రం ఎంత ఉండాలో అంతే ఉండాలి.

ఈ పనికి తొందరగలవాడు పనికిరాడు. తొందర కోసం పెట్టే సామాను బిగించడానికి నిదానమే కావాలని నాకు అప్పుడే అర్థమైంది. నిదానం డిక్కీలో సిలిండరును పడుకోబెట్టడానికే ఒక ఆదివారం తీసుకున్నాడు. లోపల గ్యాసు ద్రవంగా ఉంటుంది. దాన్ని తాగే గొట్టం సిలిండరు మూతి దగ్గర మొదలై, అడుగుదాకా వెళ్లి, అక్కడ ఒక పక్కకి వంగి ఉంటుంది. అందుకే మూతి కారు ముందువైపుకి, సిలిండరు మీద అంటించిన లేబుల్ ఆకాశం వైపుకి ఉండాలి. అప్పుడు గొట్టం కొస కిందవైపు వెనక మూలకి వస్తుంది. కారు దూకినప్పుడు ద్రవమంతా ఆ మూలకే పోతుంది కాబట్టి గొట్టానికి దాహం తీరుతుంది. వాడు బిగించి, లేబుల్ సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో రసమట్టం పెట్టి చూసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు.

వేడిని త్వరగా వదిలే చల్లటి రకం ప్లగ్గులు వేశాడు. నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా ఇగ్నిషన్ టైమింగు వెనక్కి తీశాడు. అన్నిటికన్నా చిన్న జెట్లతో మొదలుపెట్టాడు. ఇవన్నీ నేను చెప్పినవే. నేను చెప్పకపోయినా చేసేవాడే అనుకోండి, కాని నేను చెప్పాను. యాక్సిలరేటరు వెనకాల ఒక చిన్న స్విచ్చు పెట్టాడు. పెడల్ పూర్తిగా నేలకి ఆనితేనే అది నొక్కుకుంటుంది, అప్పుడే గ్యాసు వెళ్తుంది. సగం తొక్కితే వెళ్లదు. సగం తెరిచిన ఇంజన్‌కి గ్యాసు ఇస్తే ఇబ్బంది.

మొదటిసారి రన్‌వే మీద ప్రయత్నం చేసినప్పుడు నేను పక్కన కూర్చున్నాను. విమానాలు రావడం మానేసి ఏళ్లయింది గాని, సిమెంటు ఇంకా గట్టిగానే ఉంది. వాడు గ్యాసు మీట వేశాడు, దాని ఎర్రదీపం వెలిగింది, కారు కదిలింది, వేగం అందుకుంది. ఏమీ జరగలేదు. కారు ఎప్పటిలాగే తన పని తాను చేసుకుంటూ పోయింది.

వాడు బానెట్ ఎత్తి వైర్లు చూశాడు. గ్యాసు వదిలే కవాటానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూస్తే టక్కుమని తెరుచుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ వారమంతా డ్యూటీ అయ్యాక షెడ్డులో వైర్లన్నీ ఊడదీసి మళ్లీ కలిపాడు. పై ఆదివారం మళ్లీ వెళ్లాం. మళ్లీ ఏమీ లేదు.

"గ్యాసులో ఏమైనా కల్తీ ఉందేమో బావా," అన్నాడు.

నేను నా సర్వీసులో నేర్చుకున్నదేమిటంటే, బండిలో తప్పు దొరకనప్పుడు డ్రైవరును చూడాలి. కారు ఆపించి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, సిమెంటు మీద గొంతుక్కూర్చుని వాడి కాలి వంక చూశాను.

"తొక్కు."

తొక్కాడు.

"ఇంకా తొక్కు."

"తొక్కేశా బావా. పూర్తిగా."

నేను పెడల్ కింద చెయ్యి పెట్టాను. అరచెయ్యి నిలువుగా పట్టింది. "ఇదేంటి మరి?"

వాడు వంగి చూసి, నిజంగా వింతపడ్డాడు. "అక్కడిదాకా వెళ్తుందా అది?"

ఇన్నేళ్లు బండి నడిపిన మనిషికి పెడల్ ఎంత కిందికి వెళ్తుందో తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రాలు వాడు ఇంజన్ ఆపేసిన కారులో కూర్చుని కాలు చాపడం సాధన చేశాడు. వాడి భార్య వచ్చి చూసి, "ఈయన ఏం చేస్తున్నారన్నయ్యగారూ?" అని అడిగింది.

"ఆఖరిదాకా తొక్కడం నేర్చుకుంటున్నాడమ్మా."

"ఇన్నాళ్లూ రాదా?"

"రాకపోబట్టే ఊళ్లో ఇంత మంచి పేరు."

కాలు కిందిదాకా వెళ్లిన రోజున కారు దూకింది. నా తల వెనక్కి వెళ్లి సీటుకి తగిలింది. వాడు భయపడి వెంటనే కాలు తీసేశాడు గాని, ఆ ఒక్క క్షణం చాలు, వాడి ముఖంలో రంగు మారింది. ఆ తర్వాత పద్ధతిగా పని చేశాం. ఒక పరుగు, వెంటనే ఇంజన్ ఆపి, కారు దానంతటదే దొర్లి ఆగాక ప్లగ్గు విప్పి, భూతద్దంలో చూడటం. ప్లగ్గు పింగాణీ మీద రంగు చూసి లోపల మంట ఎలా ఉందో చెప్పడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. లేత గోధుమ రంగు. బాగుంది. ఒక జెట్టు పెద్దది చేశాం. మళ్లీ చూశాం. బాగుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ఇది నా వర్క్‌షాపు గోడ మీద పెద్దక్షరాలతో రాయించిన మాట.

పందెం ఆదివారం దగ్గరపడే సరికి చలి మొదలైంది. చలికి సిలిండర్లో ఒత్తిడి పడిపోతుంది. మీటరు ముల్లు ఉండాల్సిన చోటు కంటే కిందికి దిగింది. వాడు కరెంటుతో వేడెక్కే పట్టీ తెచ్చి చుట్టాడు. వేడి ఎక్కుతోంది గాని, రన్‌వే దగ్గర వరసలో నిలబడేసరికి చలిగాలికి మళ్లీ దిగిపోతోంది.

వాడు అక్క దగ్గరికి వెళ్లాడు. పందెం అక్కతోనే అన్న సంగతి వాడికి గుర్తు లేదో, ఉన్నా పట్టించుకోలేదో.

"అక్కా, సిలిండరుకి ఒక కోటు కావాలి. వేడి పోకుండా."

మా ఆవిడ కూడా పందెం సంగతి ఎత్తలేదు. గిరాకీ వస్తే కాదనడం ఆవిడకి తెలియదు. మెడలోంచి టేపు తీసింది. "మనిషిని తీసుకురా. కొలత లేకుండా నేను గుడ్డ కొయ్యను."

వాడు సిలిండరును ఊడదీసి, చంటిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసింది.

"మెడ సన్నం. నడుమే లేదు. చంకలు లేవు, అదొక్కటి హాయి. పొట్ట మీ బావగారిదే."

నేను పేపరు చదువుతున్నాను. చదువుతూనే ఉన్నాను.

"పై బట్ట ఏ రంగు?"

"ఏదైనా పర్వాలేదక్కా."

"ఏదైనా పర్వాలేదు అన్నవాళ్లే తర్వాత నచ్చలేదంటారు."

లోపల రబ్బరు నురుగు షీటు, పైన ముదురు నీలం మందపు గుడ్డ. ఒంటికి అతుక్కునేలా కుట్టాలి, లేకపోతే సందుల్లోంచి వేడి పోతుందని వాడు చెప్పాడు. ఒంటికి అతుక్కునేలా అంటే ఆవిడ మాటను పూర్తిగా పట్టుకుంది. పందెం ముందు రోజు వాడు డ్యూటీకి వెళ్లిన సమయంలో, వాడి భార్య సాయంతో కారు డిక్కీలోనే సిలిండరుకి తొడిగి, ఆఖరి కుట్టు సిలిండరు మీదే చేత్తో వేసింది. ఇక అది తిరగదు, జారదు. పైన తెల్లదారంతో రెండు పూలు వేసి, మధ్యలో "జాగ్రత్తగా వెళ్లిరా" అని కుట్టింది. సాయంత్రం వాడు వచ్చి డిక్కీ తెరిచి చూసి, చాలాసేపు పూల మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు. తర్వాత, "బాగుందక్కా" అన్నాడు. వాడు ఆ మాట అనడానికి మామూలుగా ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

పందెం రోజు అందరం వెళ్లాం. ఎండ ఉంది గాని గాలి కోస్తోంది. రన్‌వే మీద రకరకాల కార్లు, వాటి కన్నా ఎక్కువ చప్పుడు చేసే యజమానులు. మా పక్క వరసలో ఒక కళ్లజోడాయన, కిందికి దించిన ఎర్రకారు. ఆయన మా కారును చూసి మర్యాదగా, "దారి తప్పి వచ్చారా?" అని అడిగాడు.

"లేదండీ, పరుగుకే," అన్నాడు నిదానం.

"ఎవరైనా పోతే చెబుతాం లెండి," అన్నాడు వెనక నుంచి ఒకడు, వాణ్ణి గుర్తుపట్టి. అందరూ నవ్వారు. మా వాడు కూడా నవ్వాడు. వృత్తిలో ఇలాంటివి చాలా విన్నవాడు.

ప్రతి కారుకీ మూడు పరుగులు. మొదటిది గ్యాసు లేకుండా. కారు తనకు చేతనైనట్టు వెళ్లింది. టైము చూసేవాడు అంకె రాసి పలక మీద పెట్టాడు. రెండోది గ్యాసుతో. వాడు డిక్కీలో సిలిండరు మూత తిప్పి, మీటరు చూసుకున్నాడు. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. కోటు తన పని చేసింది. మా ఆవిడ మడత కుర్చీలో కూర్చుని, దారపుండ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

కారు బయల్దేరింది. సగం దూరంలో ఒక్కసారి కారు వెనక నల్లటి పొగ లేచింది. చప్పుడు మారింది, గొంతులో ఏదో అడ్డుపడినట్టు. కారు మూలుగుతూ వెళ్లి చివర గీత దాటింది. పలక మీద వచ్చిన అంకె, గ్యాసు లేకుండా వెళ్లినప్పటి కన్నా ఎక్కువ.

"ఇంత శ్రమపడి నెమ్మదిగా వెళ్లడం ఎవరూ చేయలేరు," అన్నాడు కళ్లజోడాయన, ఎగతాళిగా కాదు, మెచ్చుకుంటున్నట్టే.

మా వాడు ప్లగ్గు విప్పాడు. మసిబొగ్గు. పెట్రోలు ఎక్కువ, గ్యాసు తక్కువ. వాడు జేబులోంచి పెట్రోలు జెట్టు చిన్నది ఒకటి తీశాడు. పెట్రోలు తగ్గిద్దామని.

"ఆగు," అన్నాను. "పోయిన ఆదివారం ఇవే జెట్లు కదా?"

"ఇవే."

"గోధుమ రంగు వచ్చింది కదా?"

"వచ్చింది."

"అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

"ఏమీ మార్చలేదు బావా."

"నువ్వు మార్చలేదు. ఏం మారింది అని అడిగాను."

వాడు నా వంక చూశాడు. ఇద్దరం డిక్కీ వంక చూశాం. నీలం కోటు, తెల్లపూలు, జాగ్రత్తగా వెళ్లిరా.

"అక్కా," అన్నాడు వాడు మెల్లగా, "సిలిండరు మీద కాగితం అంటించి ఉంటుంది, లేబుల్. అది ఎటువైపు ఉంది?"

"కిందికి," అంది మా ఆవిడ. "కుట్టు వెయ్యాలంటే దాన్ని డిక్కీకి బిగించిన పట్టీలు వదులు చేసి తిప్పుకున్నాం. కుట్టు కిందికి వెళ్లేలా పెట్టాం. పువ్వు పైకి రావాలి కదా. ఎవరైనా డిక్కీ తెరిస్తే కుట్టు కనపడనిస్తానా?"

సంగతి అదీ. లేబుల్ కిందికి అంటే లోపల గొట్టం కొస పైకి. సిలిండరు నిండుగా ఉన్నంతసేపు తెలియదు. సగం అయ్యాక గొట్టం ద్రవానికి బదులు ఆవిరి తాగుతుంది. గ్యాసు చాలదు, పెట్రోలు మాత్రం పూర్తిగా వెళ్తుంది, నల్లపొగ. అదృష్టం ఏమిటంటే తప్పు ఇటువైపు జరిగింది. మా వాడు ఆ చిన్న జెట్టు వేసి, ఏ కుదుపుకో గొట్టానికి ద్రవం అందివుంటే పిస్టన్ కరిగేది, కారు తాడు కట్టుకుని ఇంటికి వచ్చేది.

"సరే, తిప్పేయడమే," అన్నాను. "పట్టీలు వదులు చెయ్యి. కోటుతో సహా తిప్పు."

"తిప్పితే కుట్టు పైకి వస్తుంది," అంది మా ఆవిడ.

"వస్తుంది."

ఆవిడ చుట్టూ చూసింది. అన్ని కార్ల డిక్కీలూ తెరిచే ఉన్నాయి, మా డిక్కీ చుట్టూ నలుగురైదుగురు చేరి ఉన్నారు. బావమరిది స్పానరు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు నిలబడి, స్పానరు జేబులో పెట్టుకున్నాడు.

"వద్దులే బావా. అలాగే ఉండనీ. ఒక పరుగు చూశాం కదా. షెడ్డు అక్క తీసుకుంటుంది."

నేను తీర్పు చెప్పేవాణ్ణి కాబట్టి మాట్లాడలేదు. వాడు ఆ షెడ్డు కోసం ఎంత పాకులాడుతున్నాడో నాకు తెలుసు. అత్తగారింట్లో వాడి స్పానర్ల పెట్టె మంచం కింద కూడా పెట్టనివ్వరు. అలాంటివాడు, పదిమంది ముందు అక్క కుట్టు తలకిందులుగా పెట్టడానికి చెయ్యి రాక, షెడ్డు వదులుకుంటున్నాడు. ఆఖరి బండి నడిపేవాడి మర్యాద అది, ఏం చేస్తాం.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"పక్కకి జరుగు."

చేతిసంచిలోంచి కత్తెర తీసింది. ఆ కత్తెర లేకుండా ఆవిడ వీధి చివరికి కూడా వెళ్లదు. డిక్కీలోకి వంగి, కింద చెయ్యి పెట్టి, తను ఒక సాయంత్రమంతా వేసిన కుట్టును చరచరా విప్పేసింది. కోటు ఊడి వచ్చింది. "ఇప్పుడు తిప్పు నీ బండని. నీకు కావలసినట్టు పెట్టుకో. నా పువ్వు పైకే ఉంటుంది, నీ కాగితం కూడా పైకే ఉంటుంది. కాగితం మీద పువ్వు ఉంటే నీకేం అడ్డం?"

"ఏమీ లేదక్కా."

"ఈ ముక్క నిన్ననే చెప్పి ఏడవచ్చు కదా."

వాడు సిలిండరును తిప్పి, రసమట్టం అందుకోబోయాడు. "కంటితో చూడు, చాలు," అన్నాను. ఆవిడ కోటు తొడిగి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. వరస కదులుతోంది. టైము చూసేవాడు వచ్చి, మీ వంతు వస్తోంది, తయారుగా లేకపోతే పోతుంది అన్నాడు.

"కుట్టు మధ్యలో ఉంది," అంది ఆవిడ, తలెత్తకుండా.

టైము చూసేవాడు దాని మీద ఏం నిబంధన ఉందో తెలియక నిలబడిపోయాడు.

నేను ఒకటి గమనించాను. ఆవిడ కాస్త నిదానంగా కుట్టి ఉంటే చాలు, వంతు పోయేది, షెడ్డు ఆవిడదయ్యేది. ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. ఆవిడ సన్నకుట్టు మనిషి. బటను కూడా నాలుగుసార్లు లాగి చూస్తుంది. అలాంటిది ఆ రోజు పెద్ద పెద్ద అంగలతో, పరుపుకి వేసినట్టు కుట్టేసి, దారం పళ్లతో కొరికి, "పో" అంది.

మూడో పరుగు గురించి ఎక్కువ చెప్పను. పొగ రాలేదు. చప్పుడు బిగిసింది. సగం దూరంలో మా నాలుగు తలుపుల కారు, మెడ పట్టి ఎవరో ముందుకి తోసినట్టు వెళ్లింది. పలక మీద అంకె చూసి కళ్లజోడాయన అద్దాలు తుడుచుకున్నాడు. ఆయన కారును మించలేదు, అంత అబద్ధం నేను చెప్పను. కాని గ్యాసు లేని దానికన్నా చాలా తగ్గింది. అందులో సందేహం లేదు.

చూడవలసింది తిరిగి రావడం. అవతలి చివర నుంచి పక్కదారిలో తిరిగి వస్తూ, మా వాడు అలవాటు కొద్దీ నడక వేగంతో, దీపాలు వేసుకుని వచ్చాడు. దారిలో నిలబడ్డవాళ్లు మాటలాపి పక్కకి తప్పుకున్నారు. ఒకాయన టోపీ కూడా తీశాడు. కారు మా దగ్గర ఆగింది. వాడు దిగలేదు.

"ఎలా ఉందిరా?" అంది మా ఆవిడ.

వాడు ఆలోచించాడు. "తొందరగా అయిపోయిందక్కా," అన్నాడు.

కారు తన చక్రాల మీద ఇంటికి వచ్చింది. వరండాలోనే తీర్పు చెప్పాను. షెడ్డు బావమరిదిది. ఇద్దరూ విన్నారు. మా ఆవిడ మాట తప్పలేదు, షెడ్డు ఊసు ఎత్తలేదు. ఆ సాయంత్రమే కూర్చుని, ఆ పెద్ద అంగల కుట్టు విప్పి మళ్లీ సన్నకుట్టు వేసింది. ఆ కుట్టు తన చేతిదని బయట తెలిస్తే పరువు పోతుందట.

బయట తెలిసింది వేరేది. ఆ వారం కళ్లజోడాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో సిలిండరు. "అమ్మా, మాకూ ఒకటి కుడతారా. మా అమ్మాయి పేరు వెయ్యాలి." ఆ తర్వాత ఆయన స్నేహితుడు. ఆ తర్వాత మా వాణ్ణి చూసి నవ్వినవాడు. ఒకడికి సీటు కవర్లు కూడా కావాలట. మందపు గుడ్డ కుట్టడానికి పెద్ద మిషను తెప్పించాల్సి వచ్చింది. అది ముందు గది తలుపులోంచి పట్టలేదు. వరండాలో పెడితే వాన.

"షెడ్డులో పెట్టుకో అక్కా, నాలుగు రోజులు," అన్నది మా వాడే. తనే ఒక కొస పట్టుకుని లోపలికి మోశాడు.

మిషను వెనకాల రబ్బరు షీట్ల చుట్టలు వచ్చాయి. వాటి వెనకాల అట్ట నమూనాలు వచ్చాయి. గ్యాస్కెట్లు తగిలించే మేకులకు ఇప్పుడు సిలిండర్ల కొలతల అట్టలు వేలాడుతున్నాయి. బల్లకి బిగించిన నా పాత వైస్ మీద ఆవిడ ఇస్త్రీ పెట్టె పెడుతుంది. నిదానం తన పని షెడ్డు చూరు కింద, బయట చేసుకుంటున్నాడు. ఎండకి తప్ప ఇబ్బంది లేదంటాడు. మనిషి సుఖంగా ఉన్నాడు. ఆఖరి బండి ఎప్పటిలాగే నడుపుతున్నాడు, కాకపోతే ఇప్పుడు పెడల్ ఎక్కడిదాకా వెళ్తుందో తెలిసి నడుపుతున్నాడు.

మొన్న ఆదివారం నేను వరండాలో ఉండగా చూశాను. వాడికి పన్నెండో నంబరు స్పానరు కావలసి వచ్చింది. షెడ్డు తలుపు దాకా వెళ్లి, చేతులు తుడుచుకుని, తలుపు తట్టాడు.

"అక్కా, లోపలికి రావచ్చా?"

"ఆగరా. ట్రయలు జరుగుతోంది."

వాడు ఆగాడు. లోపల ఉన్నది ఒక సిలిండరు. నేను ఇచ్చిన తీర్పు ఇప్పటికీ అలాగే ఉంది, మార్చే అవసరం కనపడలేదు. షెడ్డు వాడిదే.